నాలుగు మీటర్ల సంసారం

కారు కొనడం ఒక ఎత్తు. కొన్న కారుతో కాపురం చేయడం ఇంకో ఎత్తు! షోరూములో తళతళలాడిన చిన్న సెడాన్ మెట్ట ప్రాంతం రోడ్డెక్కాక ఎలా ఉంటుంది? దాన్ని నడిపేవాళ్లు దేనికి మురిసిపోతారు, దేనికి నొచ్చుకుంటారు? నెల్లూరు జిల్లా కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు దారుల్లో తిరిగే ‘డిక్కీ కార్ల’ కథ ఇది.

శనివారం. ఇంకా తెల్లవారలేదు. కలిగిరిలో ఓ ఇంటి ముందు తెల్ల కారు డిక్కీ తెరుచుకుని ఉంది. పులిహోర గిన్నె, మంచినీళ్ల క్యాను, చాప, రెండు సంచులు, పిల్లాడి తలనీలాలకు కావలసిన సరంజామా... ఒక్కొక్కటే లోపలికి వెళుతున్నాయి. శనివారం మాత్రమే గుడి తలుపులు తెరిచే మాలకొండకు ప్రయాణం. ముందు సీట్లో తాతయ్య. వెనక నాయనమ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు. స్టీరింగ్ దగ్గర ఇంటాయన. అంతా ఎక్కాక ఆయన చేసే మొదటి పని ఏమిటో తెలుసా? కిందికి దిగి, వెనక చక్రాల దగ్గర వంగి చూడటం. బండి ఎంత కిందికి దిగిందోనని!

మెట్ట ఊళ్లలో ఏ శనివారమైనా కనిపించే దృశ్యమే ఇది. చిన్న సెడాన్ గురించి దాని యజమానులకు ఉన్న అభిప్రాయమంతా ఆ ఒక్క చూపులో ఉంది. ఇంటిల్లిపాదినీ, సామానునూ మోస్తుందన్న ధీమా సగం. దారిలో ఎక్కడ కింద తగులుతుందోనన్న బెంగ సగం.

డిక్కీ ఉంటేనే కారు!

పట్నంలో కారు అంటే ఆఫీసుకు వెళ్లి రావడానికి. మెట్టలో అలా కాదు. ఇక్కడ కారుకు పని తక్కువ రోజులే ఉంటుంది కానీ, ఉన్న రోజు మాత్రం చాకిరీ గట్టిగా ఉంటుంది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఏయస్ పేట దర్గా, పెంచలకోన, తిరుమల. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వస్తే కావలి స్టేషనుకు వెళ్లాలి. కాన్పు కోసం వచ్చిన కూతుర్ని నెల్లూరులో డాక్టరుకు చూపించాలి. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక అర్ధరాత్రి ఆపద కొంత తేలికైంది. అయినా డయాలసిస్‌కూ, కంటి ఆపరేషన్‌కూ, కట్టు మార్చడానికీ అంబులెన్సు రాదు కదా! ఆ తిరుగుడంతా బాడుగ కారులోనో, సొంత కారులోనో సాగాల్సిందే.

అందుకే ఇక్కడ కారు కొనేవాళ్లు మొదట అడిగేది ఇంజిన్ సంగతి కాదు. ‘డిక్కీ ఎంతుంది?’ అనే. వెనక తోక లేని హ్యాచ్‌బ్యాక్‌ను పెద్దవాళ్లు చాలాకాలం పూర్తి కారుగా ఒప్పుకోలేదు. ముందు ఒక పెట్టె, మధ్యలో ఒక పెట్టె, వెనక ఒక పెట్టె... అలా మూడు భాగాలుగా ఉంటేనే అది కారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని చూసిన కళ్లకు అది సహజమే. పెళ్లికొడుకును ఊరేగించాలన్నా, వియ్యంకుల ఇంటిముందు ఆపాలన్నా ఆ నిండుదనం కావాలి.

పొగాకు రైతుకు ఇంకో కారణం ఉంది. కలిగిరిలోనూ, మర్రిపాడు మండలం డీసీ పల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. వేలం సీజన్ బాగుంటే ఆ ఏడాది ఊళ్లో కొత్త బండ్లు కనిపిస్తాయి. బాగోకపోతే ఉన్న బండ్లే చేతులు మారతాయి. బేళ్లు ఎటూ ట్రాక్టరులోనే వెళతాయి. కానీ బ్యారన్‌కూ పొలానికీ బ్యాంకుకూ తిరిగే రైతు కారులో ఎరువు బస్తా నుంచి మోటారు విడిభాగాల దాకా ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఆ వాసన, ఆ మట్టి మనుషులు కూర్చునే చోటికి రాకుండా వేరే గది ఉండటం ఆయన దృష్టిలో పెద్ద సుఖం.

తోక కత్తిరించిన పన్ను

ఈ చిన్న సెడాన్ ఎలా పుట్టిందన్నది ఓ తమాషా కథ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతికి కారు రుచి చూపించింది. దాని మీద ఒక మెట్టు ఎక్కాలనుకున్న వారికి 1994లో ఎస్టీమ్, 1999లో హ్యుందాయ్ యాక్సెంట్, ఫోర్డ్ ఐకాన్ వచ్చాయి. కానీ ధరలు అందనంత దూరం. 2002 చివర్లో టాటా ఇండిగో వచ్చి ఆ దూరాన్ని తగ్గించింది. డీజిల్‌తో నడిచే, డిక్కీ ఉన్న, అయిదుగురు హాయిగా కూర్చునే కారు కాబట్టి ఇళ్లలోకీ, ట్రావెల్స్‌లోకీ ఒకేసారి నడిచి వచ్చింది.

అసలు మలుపు 2006 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఉంది. నాటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా నిర్వచించారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజిన్ పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ దాటకూడదు. 2008లో ఆ సుంకం 12 శాతానికి దిగింది. అంతే! కంపెనీల ఇంజినీర్లు టేపు పట్టుకుని కూర్చున్నారు. 2008 ఆరంభంలో టాటా సంస్థ ఇండిగోకు వెనకా ముందూ కుదించి నాలుగు మీటర్లలోపు ‘సీఎస్’ను తెచ్చింది.

అదే ఏడాది మార్చిలో మారుతి స్విఫ్ట్ డిజైర్ వచ్చింది. అప్పుడు దాని పొడవు 4,160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన కొత్త డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. పన్ను గీతకు సరిగ్గా 5 మిల్లీమీటర్ల ఇవతల! ఆ కత్తిరింపులో డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. ధర కోసం సూట్‌కేసును వదులుకున్నట్టన్నమాట. అయినా జనం కొన్నారు. 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, టాటా జెస్ట్, 2015లో ఫోర్డ్ ఆస్పైర్, 2017లో టాటా టిగోర్... అన్నీ ఆ నాలుగు మీటర్ల పెట్టెలోనే సర్దుకున్నాయి. 2018లో దేశం మొత్తం మీద ఎక్కువగా అమ్ముడైన కారు డిజైరే. డిక్కీ కూడా మెల్లమెల్లగా కోలుకుంది. 2024 నవంబరులో వచ్చిన డిజైర్‌లో అది 382 లీటర్లు.

అంటే మన ఇంటి ముందున్న కారు ఆకారాన్ని నిర్ణయించింది సగం ఇంజినీరైతే, సగం పన్నుల శాఖ!

మాస్టారి లెక్క, డ్రైవర్ లెక్క

ఒకే కారు గురించి ఇద్దరిని అడిగితే రెండు రకాలుగా చెబుతారు. కారణం కారులో లేదు, వాళ్ల అవసరంలో ఉంది.

రోజూ పక్క మండలంలోని బడికి వెళ్లొచ్చే మాస్టారికి తేలికైన స్టీరింగ్, మెత్తని క్లచ్, చల్లని ఏసీ ఉంటే చాలు. వేగం గంటకు అరవై దాటదు. ఆయన బండి లీటరుకు ఎక్కువ దూరం వస్తుంది, బ్రేకులు ఎక్కువకాలం ఆగుతాయి. ఆయన ఫిర్యాదల్లా ఒకటే, మనుషులంతా ఎక్కి ఏసీ వేస్తే ఎత్తు దగ్గర బండి నీరసపడుతుందని. 1200 సీసీ పెట్రోలు ఇంజిన్ అయిదుగురితో తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరు అడగడం సహజం. అది లోపం కాదు, దాని శక్తే అంత. అది తెలియక మూడో గేరులోనే నెట్టుకుపోయేవారే ఇంజిన్‌ను ఏడిపిస్తారు.

ట్రావెల్స్ నడిపేవారి చూపు వేరు. వారికి కారు అంటే రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు అన్నదే. వారిలో ఇప్పటికీ పాత డీజిల్ బండ్ల మీద మమకారం ఉంది. ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌ను మారుతి, టాటాతో సహా ఎన్నో కంపెనీల కార్లలో వాడారు. ‘భారతదేశపు జాతీయ ఇంజిన్’ అన్న ముద్దుపేరు కూడా దానికి వచ్చింది. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఆ బండ్లు ఇంకా బాడుగలకు పోతూనే ఉన్నాయి. అయితే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ ఇంజిన్‌ను శుభ్రం చేసే సరంజామాకే ఖర్చు బాగా పెరిగింది. మారుతి అప్పుడే డీజిల్‌కు దణ్ణం పెట్టింది. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. కొత్తగా కొనేవారికి చిన్న సెడాన్‌లో ఇప్పుడు ఎక్కువగా పెట్రోలు, సీఎన్‌జీలే దిక్కు.

సీఎన్‌జీ లెక్క కాగితం మీద బాగుంటుంది. డిజైర్ సీఎన్‌జీ కిలోకు 33.73 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ ధ్రువీకరణ. కానీ సిలిండరు వచ్చి డిక్కీలో కూర్చుంటుంది. డిక్కీ కోసమే సెడాన్ కొని, ఆ డిక్కీని సిలిండరుకు ఇచ్చేస్తే ఎలా? ఈ ఇబ్బంది గమనించే టాటా సంస్థ 2023లో టిగోర్‌కు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి కింద అమర్చింది. ఏది కొన్నా, గ్యాసు బంకు మీ ఊరికి ఎంత దూరమన్నదే మొదటి ప్రశ్న. గ్యాసు కోసం ముప్పై కిలోమీటర్లు పోయి, ముప్పై కిలోమీటర్లు తిరిగొస్తే మిగిలేది తిరుగుడే!

మైలేజీ మాయ

యజమానుల మాటల్లో ఎక్కువ అబద్ధాలు దొర్లేది మైలేజీ దగ్గరే. కావాలని కాదు. మీటరులో ఒకసారి కనిపించిన పెద్ద అంకె మనసులో అలా నిలిచిపోతుంది.

కొత్త డిజైర్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే అంకె లీటరుకు 24.79 కిలోమీటర్లు. ఆ పరీక్ష ప్రయోగశాలలో రోలర్ల మీద జరుగుతుంది. అక్కడ గొర్రెల మంద అడ్డం రాదు. వడ్లు ఆరబోసిన రోడ్డు ఉండదు. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో స్పీడ్ బ్రేకర్ ఉండదు. నెల్లూరు జోడిపి గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటే దాకా ఇంజిన్ ఆన్‌లో, ఏసీ ఆన్‌లో నిలబడిన అయిదు నిమిషాల్లో మైలేజీ సున్నా!

నిజం తెలుసుకోవాలంటే పాత పద్ధతే మేలు. ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసుకోవాలి. మళ్లీ నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను దాంతో భాగించాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే వచ్చే సగటే అసలు మైలేజీ. లీటరు 110 రూపాయలు అనుకుని, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, 22 వచ్చే బండికి 5,000 రూపాయల పెట్రోలు. 15 వచ్చే బండికి 7,333. రెండూ ఒకే కంపెనీ బండ్లు కావచ్చు. తేడా కుడికాలులో ఉండవచ్చు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందన్న మాట ఇటీవల ఎక్కువగా వినిపిస్తోంది. దానిలో నిజం లేకపోలేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి 20 శాతం కలిపితే ఎంతో కొంత తగ్గుతుంది. కానీ తగ్గిన ప్రతి కిలోమీటరునూ ఇథనాల్ ఖాతాలో వేయడం తప్పు. టైర్లలో గాలి తక్కువగా ఉన్నా, గాలి ఫిల్టరు దుమ్ముతో నిండినా జరిగేది అదే. మెట్ట దుమ్ములో తిరిగే కారుకు ఆ ఫిల్టరును పుస్తకంలో రాసిన గడువుకన్నా ముందే దులిపి చూసుకోవడం అవసరం.

కింద తగిలే బాధ

చిన్న సెడాన్ యజమానులంతా ఒక్క గొంతుతో చెప్పే ఫిర్యాదు ఒకటే... కింద తగలడం.

నేలకూ కారు అడుగుకూ మధ్య ఎడం డిజైర్‌కు 163 మిల్లీమీటర్లు, టిగోర్‌కు 170. అది ఖాళీ బండి లెక్క. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండాక ఆ ఎడం బాగా తగ్గిపోతుంది. అదే టాటా పంచ్ లాంటి చిన్న ఎస్‌యూవీకి 187 మిల్లీమీటర్లు. చూడటానికి అంగుళం కూడా లేదు తేడా. కానీ నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి మీద పట్టించుకోని ఆ అంగుళం, రోడ్డు దిగి ఊళ్లోకి తిరగగానే ప్రాణమవుతుంది. మెటలింగు తేలిన పంచాయతీ రోడ్లు, వానకు కోసుకుపోయిన కల్వర్టు అంచులు, ఎవరికి వారు ఇంటి ముందు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు!

అనుభవం ఉన్నవారు దీనికో కిటుకు కనిపెట్టారు. పెద్ద గతుకు వస్తే నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ ఎక్కిస్తారు. మరీ ఎత్తైన చోట వెనక కూర్చున్న వాళ్లను దింపేస్తారు. అల్లుడుగారిని దింపడమెలా అన్నది మాత్రం తేలని సమస్యే!

దీనికి విరుగుడుగా కొందరు స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పెట్టిస్తారు. పెద్ద టైర్లు వేయిస్తారు. బండి కాస్త లేస్తుంది నిజమే. కానీ కంపెనీ చెప్పిన కొలత దాటి టైరు మారిస్తే స్టీరింగ్, బ్రేకు, మైలేజీ అన్నీ మారతాయి. వారంటీకి కూడా పేచీ రావచ్చు. అంతకన్నా డిక్కీలో అక్కర్లేని బరువు తీసేయడం, టైర్లలో సరిపడా గాలి ఉంచడం చౌకైన వైద్యం.

నాయనమ్మ మోకాళ్లు

ఇక వెనక సీటు. ఎస్‌యూవీలదే రాజ్యమైన ఈ రోజుల్లో సెడాన్‌ను వదలని వారు చెప్పే బలమైన కారణం అదే. నాలుగు మీటర్లలోనే సర్దినా ఈ కార్లలో వెనక సీటుకు మంచి చోటు ఇచ్చారు. రెండు మూడు గంటలు కూర్చున్నా నడుము పట్టదు. డిక్కీ వేరుగా ఉండటంతో సామాను మోత వినిపించదు. వంకర్లలో బండి తూలదు.

కానీ దిగేటప్పుడే అసలు కథ. సీటు కిందుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెడాన్‌లో ‘కూర్చోవడం’ ఉండదు, ‘కూలబడటమే’. లేచేటప్పుడు ఒకరు చెయ్యి ఇవ్వాలి. చిన్న ఎస్‌యూవీల్లో సీటు నడుము ఎత్తులో ఉంటుంది, పక్కకు జరిగి కూర్చోవచ్చు. కారు కొనడానికి షోరూముకు వెళ్లేటప్పుడు స్నేహితుణ్ని తీసుకెళ్లేవారే ఎక్కువ. నిజానికి తీసుకెళ్లాల్సింది నాయనమ్మను! వెనక సీట్లో ఎక్కించి, దింపి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, ఆ ఇంటికి ఏ కారు కావాలో.

చుక్కలు లెక్కపెట్టండి

మైలేజీ గురించి గంటసేపు మాట్లాడేవారు భద్రత గురించి అయిదు నిమిషాలు కూడా మాట్లాడరు. అసలు పణంగా ఉన్నది అక్కడే.

2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ టాటా జెస్ట్‌ను గుద్ది పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని కారుకు పెద్దల రక్షణలో వచ్చినవి సున్నా నక్షత్రాలు. మెరుగులు దిద్ది రెండు ఎయిర్‌బ్యాగులతో ఇచ్చిన కారుకు నాలుగు! పేరు అదే, రంగు అదే. ఆ రోజుల్లో ‘ఎయిర్‌బ్యాగులు మనకెందుకు, మ్యూజిక్ సిస్టమ్ వేయించుకుంటే పోలా’ అని చౌక రకం తీసుకున్నవాళ్లు ఎందరో. తర్వాత చట్టం మారింది. 2019 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. 2021 ముగిసేసరికి ముందు సీటులో రెండోవారికీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది. 2023 అక్టోబరులో మన దేశానికే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మొదలైంది. 2024 నవంబరులో కొత్త డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. మారుతి కార్లలో ఆ ఘనత దానిదే మొదటిది.

ఇదంతా పాత కారు కొనేవారు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2014 నాటి బండి, 2024 నాటి బండి పేరు ఒకటే కావచ్చు. లోపల రెండూ వేరు. పాతదాంట్లో ఎయిర్‌బ్యాగులున్న రకమేదో అడిగి మరీ తీసుకోవడం మంచిది.

ఇంకోటి, వెనక సీటు బెల్టు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ప్రయాణిస్తూ రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు దేశమంతా దీని గురించి మాట్లాడింది. తర్వాత మరిచిపోయింది. ఆయన ప్రయాణించింది చాలా ఖరీదైన కారులో. ఖరీదైన కారు కూడా బెల్టు పని చేయలేదు. ఇక మన కార్లలో వెనక బెల్టులు సీటు కవర్ల కింద సమాధి అయి ఉంటాయి! కొత్త సీటు కవరు వేయించేటప్పుడు బెల్టు బకిల్ పైకి కనిపించేలా కుట్టమనడానికి పైసా ఖర్చు లేదు. రాత్రివేళ వెనక దీపాల్లేని ట్రాక్టర్లు ఎదురయ్యే రోడ్లలో ఆ బెల్టే నాయనమ్మకు రక్ష.

కిలోమీటరు ఎంత?

2017 జులైలో జీఎస్టీ వచ్చాక చిన్న పెట్రోలు కారు మీద 28 శాతం పన్ను, ఆపైన ఒక శాతం సెస్సు పడేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రెండింటి బదులు 18 శాతం పన్నే వేస్తున్నారు. పన్నుకు ముందు అయిదున్నర లక్షలుండే కారు పాత లెక్కలో 7,09,500 రూపాయలు. కొత్త లెక్కలో 6,49,000. అరవై వేల అయిదు వందల తేడా! మెట్ట రైతు ఇంట్లో అది చిన్న సొమ్మేమీ కాదు. దీనిమీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిస్తే గానీ బండి రోడ్డెక్కదన్నది మరవకూడదు.

మరి వాయిదాలు? ఆరు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. అయిదేళ్లలో తీర్చేటట్టయితే నెలకు సుమారు 12,455 రూపాయలు. మొత్తం వడ్డీ లక్షా నలభై ఏడు వేలు. ఏడేళ్లకు సాగదీస్తే నెలకు 9,650 దగ్గర ఆగుతుంది. కానీ వడ్డీ రెండు లక్షల పది వేలు దాటుతుంది. చేతికి తేలిక, చివరికి బరువు!

ఇప్పుడు అసలు లెక్క. అయిదేళ్ల వాయిదా, లీటరుకు 18 కిలోమీటర్ల చొప్పున పెట్రోలు, సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్సు కోసం నెలకు రెండు వేలు అనుకుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి మొత్తం 20,500 రూపాయల పైమాట. అంటే కిలోమీటరుకు సుమారు 20 రూపాయలు. అదే నెలకు మూడు వందల కిలోమీటర్లే తిరిగితే? ఖర్చు 16,300 దగ్గరే ఉంటుంది. కిలోమీటరుకు 54 రూపాయలు! నెలకు ఒకసారి నెల్లూరు, ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్లే ఇంటికి బాడుగ కారే లాభమని ఈ లెక్క తేల్చి చెబుతుంది.

ఆ తేడా పూడ్చుకోవడానికి కొందరు సొంత కారును బాడుగకు ఇస్తారు. తెల్ల నంబరు ప్లేటు బండి బాడుగకు తిప్పడం చట్టవిరుద్ధం. మామూలు రోజుల్లో ఎవరూ అడగకపోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది అదే. నాలుగు వేల బాడుగకు ఆశపడి లక్షల పరిహారం నెత్తిన వేసుకోవడం అవసరమా?

పాతదైనా పదిలమే

కొత్తది మోయలేనివారికి సెకండ్‌హ్యాండ్ ఉండనే ఉంది. ఇన్సూరెన్సు వారి తరుగుదల లెక్క ప్రకారం కారు విలువ మొదటి ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్లు దాటితే సగం పోయినట్టే. ఆ సగం నష్టం మొదటి యజమాని భరించేశాడు కాబట్టి రెండోవాడికి సుఖం. మార్కెట్లో మాత్రం ధర కాగితం లెక్క మీద కాక గిరాకీ మీద నడుస్తుంది. మెకానిక్ ప్రతి ఊళ్లో దొరికే, విడిభాగాలు కావలిలోనో ఆత్మకూరులోనో దొరికే బండికి గిరాకీ తగ్గదు. అరుదైన కంపెనీ కారు చౌకగా వస్తుంది, కానీ ఒక సెన్సారు కోసం వారం రోజులు ఆగాల్సి రావచ్చు. ఫోర్డ్ సంస్థ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించినప్పుడు దాని యజమానులకు పట్టుకున్న దిగులు అదే. నడపడానికి ఎంత బాగున్నా, రేపు బాగుచేసేదెవరు?

* * *

కొనేముందు... ఒక్క నిమిషం!

 నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో మూడు నెలల పాటు రాసుకోండి. ఆ తర్వాతే షోరూముకు వెళ్లండి.

 టెస్ట్ డ్రైవ్ హైవే మీద కాదు, మీ ఊరి రోడ్డు మీద, మీ ఇంటివాళ్లందరితో చేయండి.

 చౌక రకానికీ, పై రకానికీ తేడా అలంకారమా, భద్రతా అని చూడండి. భద్రతైతే డబ్బు పెట్టండి.

 పాత కారైతే ఆర్సీలో ఫైనాన్స్ పేరు తొలగించారా, చలాన్లు మిగిలున్నాయా, ఇన్సూరెన్సు క్లెయిములు ఎన్ని ఉన్నాయో చూడండి. సర్వీసు చరిత్రలోని కిలోమీటర్లతో మీటరును సరిపోల్చండి.

 పాత ట్యాక్సీని సొంత బండిగా మార్చి అమ్ముతుంటారు. ఆర్సీ వివరాల్లో ఆ సంగతి తెలుస్తుంది.

 బండి పేరు మీ పేరుకు మారేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకండి.

* * *

రాత్రి ప్రయాణం

ఇన్ని ఫిర్యాదులున్నా సెడాన్‌ను వదులుకోని ఇళ్లు మెట్టలో చాలానే ఉన్నాయి. 2024లో దేశంలో ఎక్కువగా అమ్ముడైన కారు టాటా పంచ్. ఎత్తైన బండ్ల కాలం వచ్చేసిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అయినా సరే, తోక ఉన్న కారుకు దాని ఆదరణ దానికుంది. కారణం లెక్కల్లో దొరకదు.

నెల్లూరు ఆసుపత్రి నుంచి రాత్రి పూట తిరిగొచ్చే కారును ఊహించుకోండి. వెనక సీట్లో నాయనమ్మ, కంటికి పచ్చ బట్ట. తల కోడలి భుజం మీద. డిక్కీలో మందుల సంచి, ఫ్లాస్కు, దుప్పటి. ఆత్మకూరు దాటింది. నెల్లూరుపాళెం సెంటర్లో టీ తాగి బయల్దేరారు. ఇంటాయన గంటకు యాభై దాటనివ్వడం లేదు. గతుకు కనిపించగానే బండి దాదాపు ఆగిపోయి, ఒక్కో చక్రమే దిగి, మళ్లీ కదులుతోంది. వెనక నిద్ర చెదరలేదు.

ఇల్లు చేరాక ఆయన దిగి వెనక తలుపు తీసి చెయ్యి అందిస్తాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, మోకాలి మీద బరువు వేసి మెల్లగా లేస్తుంది. ‘ఇంకాస్త ఎత్తున్న బండి కొనాల్సింది నాయనా’ అని అననూ వచ్చు. అయినా దిగాక కారు మీద ఓసారి చెయ్యి వేసి గానీ లోపలికి వెళ్లదు.

మైలేజీ, డిక్కీ, నక్షత్రాలు... అన్నీ అయ్యాక యజమాని అభిప్రాయమంటే అదే!